ఆది జాకెట్

"కరుణా, ఆది ఇయ్యి! సురేందర్ వరంగల్ పోతుండు," అని అత్త వాకిట్లోంచి కేక వేసింది. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. నల్లా నీళ్లు ఏ క్షణాన ఆగిపోతాయో తెలియదు. తను ఎక్కాల్సిన ఎనిమిదింటి ప్యాసింజరుకు ఇంకా గంట కూడా లేదు. ఈ హడావిడిలో ఆది ఎక్కడినుంచి తేవడం? అయినా కరుణ పప్పు గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ గదిలోకి నడిచింది. ఆది ఇమ్మని వీధంతా వినేలా అడగవచ్చు, అందులో తప్పేమీ లేదు. దేనికి ఆది అన్నది మాత్రం ఆ ఇంట్లో ఎవరి నోటా రాదు.

ఆది అంటే ఏమిటో ఆడపుట్టుక పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మగవాళ్ల కోసం చెప్పుకుందాం. కొత్త జాకెట్ కుట్టించాలంటే ఒంటికి సరిపోయే పాత జాకెట్ ఒకటి దర్జీకి పంపుతారు. అతను దాన్ని బల్లమీద పరిచి, దాని కొలతలకే కొత్త బట్ట కత్తిరిస్తాడు. మనిషి వెళ్లక్కర్లేదు, పరాయి మగవాడు టేపు పట్టుకుని దగ్గరికి రానక్కర్లేదు. మర్యాద దక్కుతుంది. జాకెట్ ఒక్కటే కాదు, లోపలి బాడీ కొనాలన్నా ఈ మానుకోటలో పెద్దింటి వాళ్ల పద్ధతి ఇదే. మగవాడు ఆది పట్టుకుని బజారుకు పోతాడు, అదే కొలతది ఇంకొకటి పట్టుకొస్తాడు. పద్ధతి బాగానే ఉంది గానీ, మనిషి పెరిగినట్టు ఆది పెరగదు. ఈ సంగతి ఆలోచించినవాళ్లు ఎవరూ ఉన్నట్టు లేరు.

కరుణకు ఆరో నెల. ఉన్నవి రెండే బాడీలు. ఒకటి ఒంటిమీద ఉంది, రెండోది దండెం మీద తువ్వాలు కింద దాక్కుని ఆరుతోంది. ఆ రెండోదాన్ని తీసి పాత పేపర్లో రెండు చుట్లు చుట్టి, పురికొస కట్టి, సురేందర్ సంచీలో టిఫిన్ గిన్నె కింద పెట్టింది. అతను చెప్పులు వేసుకుంటుంటే గొంతు తగ్గించి, "జర పెద్దది తెండ్రి. ఇయి పడ్తలేవు," అంది.

"పెద్దదంటే ఎంత పెద్దది?"

"నాకేమెర్క? దుకాణంల అడుగుండ్రి."

"ఏమని అడగాలె? మా ఇంట్లామె కడుపుతోని ఉన్నదని చౌరస్తల చాటింపెయ్యాల్నా?" అని నవ్వి వెళ్లిపోయాడు. నవ్వు మంచిదే. సురేందర్ చెడ్డవాడు కాదు. సహకార బ్యాంకులో గుమాస్తా, తాగడు, చెయ్యి ఎత్తడు. పెళ్లైన ఈ మూడేళ్లలో అతని గురించి ఎవరికైనా చెప్పుకుందామంటే చెప్పుకోవడానికి ఒక్క ముక్క దొరకదు. కరుణకు అదో అలసట.

సాయంత్రం కేసముద్రం బడిలో పాఠాలు చెప్పి ఆమె ఇల్లు చేరేసరికి మంచం మీద రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. తెచ్చినవాడు కుర్చీలో కూర్చుని యుద్ధం గెలిచి వచ్చిన ధీమాతో చెప్పుకుపోతున్నాడు. "దుకాణంల ముగ్గురు ఆడోళ్ళున్నరు. ఆల్లు పోయేదాక బయట సోడా తాగుకుంట నిలవడ్డ. లోపటికి పోయి పొట్లం చేతుల వెట్టిన. ఆయిన ఇప్పి చూసి ముప్పై రెండు అన్నడు. గదే నంబర్ రెండు ఇచ్చిండు."

"పెద్దది అడగమన్న గదా."

"ఆది ఇచ్చింది నువ్వే గదా! ఆది ఒకటి ఇచ్చి ఇంకోటి అడుగుతే నన్ను పిచ్చోడనుకోడా?"

అత్త పక్కనుంచి అందుకుంది. "ఎవడు తెస్తడే గిట్ల? మీ మామ ఉన్నన్నాళ్ళు నాకు దువ్వెన గూడ తేలె." ఆ మాటా నిజమే. మామ పోయి ఏడేళ్లయింది, అత్త ఇప్పటికీ సగం పళ్లు విరిగిన దువ్వెనతోనే తల దువ్వుకుంటుంది. ఇంక కరుణ ఏమంటుంది? రెండు పెట్టెలూ బీరువాలో పెట్టి, చీర కూడా మార్చుకోకుండా పొయ్యి ముట్టించడానికి వెళ్లింది.

కొత్తవి పాతవాటికంటే దారుణం. పాతవి కనీసం ఉతికి ఉతికి మెత్తబడ్డాయి, కొత్తవాటి అంచు కరకరలాడుతుంది. పొద్దున ఐదింటికి లేచి వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, నీళ్లు పట్టి, ఇద్దరికి రెండు పూటలదీ వండి, మూడో గిన్నె తనకు సర్దుకుని, వెనక హుక్కు పెట్టుకునే దగ్గర ఆమె ఊపిరి బిగబట్టాలి. హుక్కు పడ్డాక ఆ ఊపిరి మళ్లీ పూర్తిగా తిరిగి రాదు. సగం ఊపిరితోనే స్టేషన్‌కు నడుస్తుంది, రైలెక్కుతుంది, కేసముద్రంలో దిగి మార్కెట్ యార్డు పక్కనుంచి బడికి నడుస్తుంది. ఫిబ్రవరి చివర కాబట్టి యార్డు నిండా మిర్చి లారీలు. ఆ ఘాటుకు దారినపోయేవాళ్లు తుమ్ముతారు, కరుణకు మాత్రం రొమ్ముల కింద ఒరుసుకుపోయిన చోట నిప్పు అంటుకుంటుంది. ఎడమ చేత్తో పుస్తకాలు గుండెకు అదుముకుని, కుడిచేత్తో బోర్డు మీద భాగహారాలు చేస్తూ, లోపల మంటను పంటి కింద నొక్కుకుంటుంది. పిల్లలు ఏడు ఎనిమిదులు యాభై ఆరు అని గట్టిగా అరుస్తుంటే ఆమెకు తన వీపు మీద ఎనిమిది హుక్కులున్నట్టు అనిపిస్తుంది. ఉన్నవి రెండే.

ఆమె చేయని ఉపాయం లేదు. హుక్కుల మధ్య పాత లంగా పేలిక వేసి కుట్టి చూసింది. వెనక వదులైంది, ముందర మాత్రం ఎక్కడి బాధ అక్కడే ఉంది. కొబ్బరినూనె రాసి దూది పెట్టింది. రెండో పీరియడ్‌కే దూది జారి నడుము దగ్గరికి వచ్చింది. ఇంటర్వెల్‌లో పాల రంగు మరక ఒకటి జాకెట్ మీద కనపడితే కొంగు ఇంకో చుట్టు తిప్పుకుంది. ఈ ఒక్క జానెడు బట్ట గురించి రోజుకు ఎన్నిసార్లు ఆలోచిస్తోందో లెక్కేస్తే, ఆ ఆలోచనతో పదోతరగతి లెక్కల పుస్తకం మొత్తం చెప్పేయొచ్చు. మగ టీచర్లు పొద్దున చొక్కా తొడుక్కున్నాక మళ్లీ రాత్రి విప్పేదాకా దాని ఊసు ఎత్తుతారా? ఎత్తరు. అందుకే మధ్యాహ్నం వాళ్లకు రాజకీయాలు మాట్లాడుకోవడానికి ఓపిక ఉంటుంది.

ఒక మంగళవారం పొద్దున చర్మం లేచిపోయి రక్తం ఊరింది. ఆ రోజు బాడీ వేసుకోలేదు. జాకెట్ మీద పమిట రెండు మడతలు వేసి, పిన్నులు పెట్టుకుని బయల్దేరింది. గేటు దాటగానే ఒక పూర్తి ఊపిరి వచ్చింది. ఎన్నాళ్లకు! స్టేషన్ దాకా ఆ ఊపిరిని తీస్తూ, వదులుతూ, మళ్లీ తీస్తూ నడిచింది. ఆ రోజు పిల్లలకు పాఠం బాగా చెప్పింది కూడా. ఆఖరు బెంచీ పిల్లవాడికి మొదటిసారి దశాంశ బిందువు అర్థమైంది. హెడ్మాస్టర్ వీరస్వామి సారు వరండాలో ఎదురుపడి, ఆమె నమస్కారానికి గోడ గడియారం వంక చూస్తూ బదులిచ్చాడు. టైము చూసుకుంటున్నాడేమో అనుకుంది.

గురువారం వీరస్వామి సారు ఏదో పనిమీద మానుకోట బ్యాంకుకు వచ్చాడు. సాయంత్రం సురేందర్ ఇంటికి వచ్చి, చేతులు కడుక్కోకుండానే మొదలుపెట్టాడు.

"మీ పెద్దసారు కలిసిండు. 'తమ్మీ, చెల్లెకు జర చెప్పాలె. తొమ్మిదో తరగతి పోరగాళ్ళున్నరు బళ్ళె. పద్ధతిగ రమ్మను' అన్నడు. క్యాషియర్ వింటుండె. నాకు తల్కాయ యాడ వెట్టుకోవాల్నో తెల్వలె."

కరుణకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా వేడెక్కింది. రెండేళ్లుగా తన హాజరుపట్టీ మీద సంతకం చేస్తున్న మనిషి. ఆమె ముఖం చూసి చెప్పలేని మాటను ఇరవై కిలోమీటర్లు మోసుకొచ్చి ఆమె మొగుడికి అప్పజెప్పాడు. వస్తువు ఒకరిదైతే దాని గురించి ఫిర్యాదు దాని యజమానికే కదా చేస్తారు.

"రక్తమొస్తుండె. వేసుకోలేకపోయిన," అంది.

"నొప్పి ఉంటే ఇంట్ల ఉండాలె," అన్నాడు సురేందర్. "గట్ల పోవుడేంది?"

అత్త బియ్యం చేట పక్కన పెట్టి, "మేమేసుకున్నమా గవన్ని? మాకు రవికెలు గూడ సక్కగ లేకుండె. గడప దాటలే గనుక ఎవ్వడు ఏమనలే," అంది. తిట్టు కాదది, ఓదార్పు అనే ఆమె ఉద్దేశం.

శుక్రవారం కరుణ మళ్లీ బాడీ బిగించుకుని బడికి వెళ్లింది. వీరస్వామి సారు నమస్కారానికి ఈసారి ముఖం చూసే బదులిచ్చాడు. ఆ రోజంతా ఎండ. సాయంత్రం బండి అరగంట ఆలస్యంగా వచ్చింది, వచ్చాక కూర్చోవడానికి చోటు లేదు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడింది. బండి కదిలాక చింతపండు వాసన, బీడీల వాసన, జనం మాటలు అన్నీ దూరం జరిగాయి. కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. గాలి పీలుద్దామంటే లోపలికి పోవడానికి దారి లేదు. మోకాళ్లు వంగడం ఆమెకు తెలిసింది, కింద పడటం తెలియలేదు.

తెలివి వచ్చేసరికి ఎవరి ఒళ్లోనో ఉంది. చేతి నిండా మోచేతి పైదాకా తెల్లటి గాజులు, అద్దాల రవిక. కేసముద్రంలో చింతపండు అమ్ముకుని ఖాళీ గంపతో తండాకు పోతున్న లంబాడీ ఆమె, కమ్లీ. నలుగురు మగవాళ్లు మీదికి వంగి చూస్తుంటే, "పోండ్రి, జర గాలి రానియ్యిండ్రి," అని కసిరి, తన ఓణీ అడ్డం పట్టి, కరుణ వీపు వెనక జాకెట్ కిందినుంచి చెయ్యి పోనిచ్చింది. ఒక్కసారి లాగింది. హుక్కులు రెండూ ఊడాయి. లోపలికి గాలి వచ్చింది.

"ఏందమ్మ గిది? కట్టెలమోపు కట్టినట్టు గింత గట్టిగ కట్టుకుంటరా? లోపట బిడ్డ ఉన్నది గదా!"

"చిన్నగైనయి," అంది కరుణ. 

"చిన్నగైతె వదులు చేసుకోవాలె." కమ్లీ వెనక్కి తిరిగి తన వీపు చూపించింది. కాంచళి అనే ఆ రవికకు వెనక అంతా ఖాళీ, అడ్డంగా తాళ్లు మాత్రమే ముడివేసి ఉన్నాయి. "కడుపు పెరిగినకొద్ది తాడు వదుల్తం. పిల్ల పుట్టినంక మల్ల బిగిస్తం. నాకు నలుగురు పిల్లలు. గిట్లనే."

కరుణ వాళ్లింట్లో ఆ వీపుల గురించి ఎన్ని మాటలు అనుకునేవారో! చిన్నప్పుడు తనూ నవ్వింది. ఇప్పుడు ఆ ముడి వంకే చూస్తూ, ఏమీ తోచక, "మీ ఆయన ఏమనడా?" అని అడిగింది.

కమ్లీకి ఆ ప్రశ్న వింతగా వినిపించినట్టుంది. "వాడెందుకంటడు? కుట్టుకున్నది నేను, కట్టుకున్నది నేను," అంది. స్టేషన్ రాగానే గంప నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

రైల్లో పడిపోయిన వార్త కరుణకంటే ముందే ఇల్లు చేరింది. సురేందర్ నిజంగానే భయపడ్డాడు. ముఖం పాలిపోయింది, స్టేషన్‌కు రిక్షా తెచ్చాడు, నిమ్మకాయ నీళ్లు తనే కలిపి ఇచ్చాడు. తరువాత బ్యాంకు కాగితం ఒకటి తీసి, గుండ్రటి అక్షరాలతో, ఆరోగ్య కారణాల వలన ఉద్యోగమునకు రాజీనామా చేయుచున్నానని రాసి ఆమె ముందు పెట్టాడు.

"కాన్పు సెలవుకు రెండు నెల్లున్నది. గప్పటిదాక నువ్వు గిట్ల తిరుగుడు నాతోని కాదు. కాన్పు అయినంక పిల్లను ఎవలు చూస్తరు? ఎప్పటికైనా ఇడిసిపెట్టుడే గదా. సంతకం వెట్టు, సోమారం ఇచ్చొద్దాం."

"ఆలోచిస్త," అంది కరుణ. వాదించే ఓపిక లేదు. మంచం మీద పడుకుని దూలాల వంక చూస్తూ ఆలోచించింది. తరిగొప్పులలో, జనగామలో, హన్మకొండలో చదివిన చదువంతా, సెలక్షన్ల కోసం రాసిన పరీక్షలు, మొదటి జీతంతో అమ్మకు కొన్న చీర, దశాంశ బిందువు అర్థమైన పిల్లవాడు, ఇవన్నీ ఒకవైపు. ఇంకోవైపు ముప్పై రెండు నంబరు బట్ట. అది సరిపోలేదు కాబట్టి ఇవన్నీ వదిలేయాలట. నవ్వొస్తుంది, నవ్వితే పక్కలు మండుతాయి. ఉద్యోగం పోతే మళ్లీ రాదు. అంత బాగా తెలిసి కూడా, సంతకం పెట్టేస్తే రేపు ఉదయం హుక్కు పెట్టుకోనక్కర్లేదు కదా అని ఒక క్షణం ఆశపడింది. ఆ ఆశకు ఆమె భయపడింది.

శనివారం ఒంటిపూట బడి. రాజీనామా కాగితం సంచీలో ఉంది, సంతకం లేదు. మధ్యాహ్నం మానుకోటలో బండి దిగి, ఇంటివైపు కాకుండా స్టేషన్ వెనక సందులోకి తిరిగింది. అక్కడ యోహాను దర్జీ దుకాణం ఉంది. పెళ్లైనప్పటినుంచీ ఆమె జాకెట్లన్నీ కుట్టింది యోహానే. ఒక్కసారి కూడా అతను ఆమెను చూడలేదు.

"ఎవలు కావాలె అమ్మ?" అని కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఆమె చెప్పేలోపే చూపు భుజం మీద ఆగింది. "గీ జాకెట్ నేను కుట్టిందే. సురేందర్‌రెడ్డి సారు ఇంటామెవా? ఆది తెచ్చినవా?"

"ఆది తేలె. నన్నే కొలువాలె," అంది కరుణ. ఆ మాట బయటికి వచ్చాక చెవులు ఎర్రబడ్డాయి.

యోహాను కత్తెర కింద పెట్టాడు. కొంచెం ఆలోచించి, తెర వైపు తిరిగి, "దయమ్మా!" అని పిలిచాడు. తెర వెనక రెండో కుట్టుమిషను ఉంది. దాని మీద అతని భార్య దయమ్మ పనిచేస్తుంది. యాభై దాటిన మనిషి, మెడలో టేపు, నోట్లో రెండు గుండుసూదులు. మిషన్ దవాఖానలో నర్సులకు ముప్పై ఏళ్లుగా బాడీలు కుట్టింది ఆమే. కరుణను తెర వెనక్కి తీసుకుపోయి, ఆమె చెప్పేది సగం విని, "జాకెట్, బాడీ తియ్యి బిడ్డా, చేతులు లేపు," అంది.

టేపు చల్లగా తగిలింది. రొమ్ముల కింద ఒక చుట్టు, పైన ఒక చుట్టు, భుజం నుంచి కిందికి ఒక గీత. దయమ్మ ఎక్కడా బిగించలేదు, ప్రతిసారీ టేపుకూ ఒంటికీ మధ్య ఒక వేలు దూర్చింది. "ఊపిరి పీల్చు," అంది. "ఇంక పీల్చు. గా పీల్చినప్పుడు ఎంతున్నవో గదే నీ కొలత." ఇరవై నాలుగేళ్ల బతుకులో కరుణను ఎవరైనా కొలవడం ఇదే మొదలు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తట్టింది.

"కింద ముప్పై ఆరు, పైన నలభై ఒకటి," అని దయమ్మ గోడ మీద సుద్దముక్కతో రాసింది. "ఇప్పటిదాక ఏసుకున్నది ఏ నంబర్?"

"ముప్పై రెండు."

దయమ్మ టేపు దించింది. కరుణను వెలుతురు వైపు తిప్పి, భుజాల మీద పట్టీలు కోసిన రెండు గాడులనూ, రొమ్ముల కింద చుట్టూ తిరిగిన చారనూ బొటనవేలితో తడిమింది. పచ్చి పుండు పైన ఉంది. దాని కింద తోలు నల్లబడి, గట్టిపడి, వేలికి తాడులా తగులుతోంది.

"గీ పుండు గిప్పటిదే. కింద గీ చార మాత్రం కడుపుతోని వచ్చింది కాదు బిడ్డా. గిది ఏండ్లది. ఎన్నేండ్లాయె గీ నంబర్ ఏసుకోవట్టి?"

"మొదటి సంది గదే."

"మొట్టమొదలు ఎవలు కొలిసిండ్రు?"

కరుణకు జ్ఞాపకం వచ్చింది. తరిగొప్పుల పుట్టిల్లు, తనకు పదిహేనేళ్లు. బాపు జనగామ సంతకు పోతుంటే అమ్మ దండెం మీదినుంచి ఒక జాకెట్ లాగి సంచీలో వేసింది. అది తన జాకెట్ కాదు. సరళక్కది. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల్లో బళ్లు మూతపడితే చదువు ఆపేసిన అక్క, మళ్లీ తెరిచాక బడికి పోని అక్క, చేల పనికి పోయి పోయి రెల్లుపుల్లలా మిగిలిన అక్క. "ఇద్దరు అక్కచెల్లెండ్లు ఒక్కతీర్గనే ఉంటరు," అంది అమ్మ. బాపు అక్క ఆదికి రెండు బాడీలు తెచ్చాడు, ఒకటి అక్కకు, ఒకటి తనకు. వేసుకున్న రోజు సాయంత్రం, "బిగ్గట్ల ఉన్నదమ్మ," అని తను చెప్పింది కూడా. అమ్మ పాలు కాస్తూ తల తిప్పకుండానే, "గట్లనే ఉంటది. అలవాటైతది," అంది. అలవాటైంది. అది చిరిగితే దాని ఆదికి ఇంకొకటి, దాని ఆదికి ఇంకొకటి. పెళ్లి పెట్టెలోకి ఆరు. మొన్నీమధ్య సురేందర్ తెచ్చినవి రెండు. అన్నీ సరళక్క పదిహేడేళ్ల ఒంటి కొలతే. ఇద్దరు పిల్లల్ని కన్నాక ఆ కొలత సరళక్కకు కూడా లేదు.

"ఎవలు కొలువలే," అంది చివరికి. "మా అక్క ఆది పంపిండ్రు."

స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. ఎంత ఏడ్చిందంటే యోహాను మిషను ఆపి బయట వరండాలోకి వెళ్లిపోయాడు. దయమ్మ ఓదార్చలేదు. నర్సు కోసం కుట్టి పెట్టిన మెత్తటి నూలు బాడీ ఒకటి తీసి, పక్క కుట్లు విప్పి, వెడల్పు పట్టీలు వదులు చేసి, వెనక హుక్కులకు బదులు నాలుగు నాడాలు కుట్టింది. "ఇయ్యాల్టికి గిది ఏస్కపో. నీవి బుధారం ఇస్త. ముంగట గుండీలు పెడ్త, పిల్లకు పాలిచ్చేందుకు ఆసరైతది," అంది. కరుణ వేసుకుంది. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియలేదు. ఒంటిమీద ఉందా అని చెయ్యి పెట్టి చూసుకుంది.

ఇల్లు చేరేసరికి సురేందర్ భోజనం చేసి కాచుకుని కూర్చున్నాడు. ఆమె ఆలస్యానికి కారణం విని అత్త అరుగు మీదినుంచి లేచి వచ్చింది.

"దర్జీకాడికి నువ్వు పోవుడేంది? ఆది ఇస్తే వాడు ఇచ్చి రాకపోవునా?"

"నాకు ఆది లేదత్తమ్మా," అంది కరుణ. "గిన్నొద్దులు ఇచ్చింది మా అక్కది."

అత్త అర్థం కాక కొడుకు వైపు చూసింది. సురేందర్ ఆ మాట పట్టించుకోలేదు. "సరే, గది పోనీ. కాగితం మీద సంతకం వెట్టినవా?"

ఆమె సంచీలోంచి కాగితం తీసి అతని చేతికి ఇచ్చింది. కింద ఖాళీ అలాగే ఉంది. "పెడ్తలేను. సోమారం బడికి పోతున్న. పెద్దసారుకు గూడ చెప్త, నా గురించి ఏమన్న ఉంటే నాకే చెప్పుమని."

"మల్ల రైల్ల పడిపోతవా? కడుపుతోని ఉన్నందుకే గదా గీ తిప్పలన్ని. రెండు నెల్లు ఇంట్ల కూసుంటే అన్ని సర్దుకుంటయి."

"కడుపుతోని ఉన్నందుకు కాదు," అంది కరుణ. నిలబడే, నిండా ఊపిరి తీసుకుంటూ, దయమ్మ చెప్పినదంతా మెల్లగా చెప్పింది. పదిహేనేళ్లప్పటి అక్క జాకెట్ సంగతి, భుజాల మీది గాడులు, వేలికి తగిలే చార. చెప్తుంటే సురేందర్ ముఖంలో కోపం పోయి ఏదో అయోమయం వచ్చింది. దుకాణం బయట సోడా తాగుతూ నిలబడ్డ మధ్యాహ్నాలన్నీ గుర్తుకు వచ్చాయేమో, చేతిలో కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. మూడేళ్లు పక్కనే పడుకున్న మనిషి ఒంటిమీద ఆ చారను అతను చూడకపోలేదు. అదేమిటని ఒక్కనాడూ అడగలేదు.

"తొమ్మిదేండ్లాయె," అన్నాడు చివరికి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "గింత నొప్పి ఉంటే ఒక్కపారన్న ఎందుకు చెప్పలే?"

"నొప్పి అని తెల్వలే," అంది కరుణ. "ఆడిదాన్నైతే గట్లనే ఉంటదనుకున్న."